పండుగకు ముందు తిన్న పువ్వు

ఆ ఏడు ఇప్పపువ్వు విరగపూసి రాలింది. తెల్లారేసరికి గుడిసె ముందు నేలంతా వడ్లు ఆరబోసినట్టుండేది. ఆ తీపి వాసనకు రామక్కకు మెలకువో మగతో తెలిసేది కాదు. నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనడం లేదనిపించేది.

అంత పువ్వున్నా ఎవరూ ముట్టరు. పండుగ చేసి అడవితల్లికి నైవేద్యం పెట్టాకే ఏరాలి, తినాలి. దుమ్ముగూడెం అవతల అడవి అంచు గూడెం అది. ఆ పండుగ చేసే పూజారి జంపయ్య, రామక్క మొగుడు. ఇప్పుడు మంచం పట్టాడు. కడుపులో గడ్డ ఉందనీ, ఖమ్మం తీసుకుపోయి ఆపరేషన్ చేయించమనీ భద్రాచలం దవాఖానాలో చెప్పి పంపారు. ఇంట్లో గింజలు లేవు. అమ్మడానికి మిగిలింది ఒక్క మేక. దాన్ని మాత్రం అమ్మనని రామక్క మొండికేసింది.

“దాన్ని తల్లికి కోయాలె,” అంది.

“ఎందుకే?” అన్నాడు జంపయ్య.

రామక్క మంచంకోడు పట్టుకుని కూలబడింది. “గింజ లేని నాడు పండుగ గాకముందే పువ్వు ఉడకేసుకుని తిన్నయ్యా. తెల్లారే నువ్వు పడ్డవ్. నా నోరే నిన్ను మింగుతాంది.”

కప్పు మీద పువ్వులు రాలుతున్న చప్పుడు. జంపయ్య చిన్నగా నవ్వాడు.

“ఓసి పిచ్చిదానా! నేను ఏటా తింట. చాటుకు పోయి పిడికెడు నోట్లేసుకుంట. నాకేమన్న అయిందా? ఈపాలి పండుగ నా బదులు తమ్ముడు గంగయ్య చేస్తడు. మేకను సంతకు తోలు, జల్దీ ఖమ్మం పోదాం.”

“నిజమేనా?”

“తల్లి మీద ఒట్టు.”

రామక్క అతని మొహంలోకి చూసింది. పండుగకు ముందు కాలికి పువ్వు తగిలితే తీసి కళ్లకద్దుకునే మనిషి ఇతను! ఇన్నేళ్ల కాపురంలో అబద్ధమాడగా ఎన్నడూ వినలేదు. ఇప్పుడు తల్లి మీదే ఒట్టేసి, ఆమె తప్పులో సగం తన నెత్తిన వేసుకున్నాడు. అబద్ధమాడటం చేతకాక మొహం గోడవైపు తిప్పుకున్నాడు కూడా. ఏడుపు తన్నుకొచ్చింది ఆమెకు.

“అవ్, నమ్మిన,” అంది రామక్క.

అతనికి తోడుగా తనూ ఓ అబద్ధమాడి, మేకను విప్పడానికి లేచింది.