బొమ్మ చూస్తే తెలిసే రుజువు

తన థీసిస్ నలభై ఒకటో పేజీలో ఉన్నది అబద్ధమని టెస్సా కొవాల్‌చుక్‌కి మంగళవారం మధ్యాహ్నం, చల్లారిన కాఫీ తాగుతుండగా తెలిసింది. గురువారం పది గంటలకు ఆ థీసిస్ మీద ఐదుగురు పరీక్షకులు ఆమెను ప్రశ్నించబోతున్నారు. నెగ్గితేనే డాక్టరేటు. డాక్టరేటు వస్తేనే హాలిఫాక్స్‌లో ఉద్యోగం. ఆరేళ్ల కష్టం.

ఆ పేజీ అంతా ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది: ఈ జాతి ఆకారాన్ని అడ్డంగా కోస్తే, అది ఎన్ని డైమెన్షన్లదైనా, రెండు ముక్కలవుతుంది. ఇప్పుడామె లెక్కల్లో ఐదు డైమెన్షన్ల ఆకారం ఒకటి తేలింది. కోసినా విడిపోవడం లేదు. నాలుగుసార్లు లెక్క సరిచూసింది. ఐదోసారికి ఓపిక లేదు.

ఆ వాక్యం ఆమెది కాదు. ఒక పరిశోధన పత్రంలోంచి తీసుకుంది. ఆ పత్రం ఇంకో పాత పత్రం చూడమంది. అది మరింత పాతదాన్ని చూపించింది. అందరూ వాడుకున్నారు, ఒక్కరూ రుజువు చేయలేదు. సాయంత్రానికి లైబ్రరీ నేలమాళిగలో గొలుసు చివర దొరికింది: ఇరవై ఆరేళ్ల నాటి క్లాసు నోట్సు. రుజువు ఉండాల్సిన చోట బంగాళాదుంపలాంటి బొమ్మ, దాని నడుమ ఒక గీత. కింద ఒకే మాట: "స్పష్టమే."

చేతిరాత ఆమె గైడ్ గోర్డన్ ప్రిచర్డ్‌ది.

బుధవారం పొద్దున్నే విన్నిపెగ్ మంచులో నడిచి వెళ్లి, ఆ నోట్సు ఆయన బల్ల మీద పెట్టింది.

"బూట్లు దులుపుకుని రావచ్చుగా," అన్నాడాయన తలెత్తకుండానే.

"ఇది స్పష్టం కాదు, గోర్డన్. తప్పు."

ఆయన ఆ కాగితం చూసి కళ్లద్దాలు తీసేశాడు. "ఐదు డైమెన్షన్లలోనా?"

టెస్సా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎక్కడ తప్పిందో నేనింకా చెప్పలేదు."

ఆయన నోట్సు మూసి ఆమె వైపు జరిపాడు.

"రేపు వాళ్లకేం చెప్పమంటారు?"

"నువ్వేం చెప్పొద్దు. రేపటిది ఆపించేస్తాను. కారణం నేనే చెబుతాను."

"ఏమని?"

"మనమంతా మూడు డైమెన్షన్లలో బొమ్మ గీసి, పక్కన 'ఎన్ని డైమెన్షన్లకైనా ఇంతే' అని రాసేస్తాం. నేనూ అదే చేశాను. తప్పని పదకొండేళ్ల కిందటే తెలిసింది. ఒప్పుకుంటే పద్నాలుగు పత్రాలు కూలిపోతాయి, తొమ్మిది నావే. మళ్లీ మొదట్నించీ కట్టే ఓపిక లేక ఊరుకున్నాను. నీ మొదటి ఏడాదిలో ఇది వాడుకోవచ్చా అని నన్నడిగావు చూడు, టెస్సా. అప్పటికే నాకు తెలుసు. తెలిసే వాడుకోమన్నాను."