వెండి కాగితం తలపాగా

మా బావ ఆదిబాబు తలకి వెండి కాగితం చుట్టుకుంటాడు. రొట్టెలు చుట్టే ఫాయిల్. ఈ సంగతి ఇప్పుడు జంషెడ్‌పూర్‌లో సగం మందికి తెలుసు. ఎందుకు చుట్టుకుంటాడో మాత్రం కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళకే తెలుసు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి, నోరు తెరవాల్సిన రోజున తెరవనివాణ్ణి.

ఆదిత్యపూర్‌లో మేం పనిచేసే ఫోర్జింగ్ షాపులో బావ కొలిమి ముందు మనిషి. ఎర్రగా కాలిన ఇనప దిమ్మెల్ని పట్టకారుతో లాగి సుత్తి మిషను కిందకి అందించాలి. కొలిమి తలుపు తీస్తే చాలు, కనుబొమలు మాడిన వాసన వస్తుంది. అలాంటి చోట మనిషికి వేడి ఆపే ముసుగు, కోటు ఇవ్వాలి. మా సేఠ్ ఎన్నో ఏళ్ళుగా "వచ్చే నెల" అంటూనే ఉన్నాడు. అందుకని మావాళ్ళు తలకి తడి తువ్వాలు చుట్టి, వేడిని వెనక్కి కొట్టేలా దాని మీద వెండి కాగితం మెరిసే వైపు పైకి పెట్టి బిగిస్తారు. మా నాన్న కాలంలో సిగరెట్ పెట్టెల్లోని కాగితాలు ఏరి, గంజితో గుడ్డకి అంటించుకునేవాళ్ళు. సూపర్‌వైజర్ని కాకముందు ఏడేళ్ళు నేనూ చుట్టుకున్నాను. ఎలా చుట్టాలో నేర్పింది బావే.

మే నెలలో ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఎండగా ఉందని తలపాగా తీయకుండానే సైకిల్ మీద భాలుబాసాలో మా ఇంటికొచ్చాడు. మా అమ్మాయి ప్రియ కాలేజీలో చదువుతోంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. అతన్ని చూసి పకపకా నవ్వి ఫోన్ తీసి వీడియో మొదలెట్టింది.

"ఫూఫాజీ, ఏలియన్ల సిగ్నల్ ఆ రహా హై క్యా?"

ఏలియన్లంటే వేరే గ్రహాలవాళ్ళని బావకి తెలీదు. మేనకోడలు సరదాగా ఏదో అడుగుతోంది, అంతే.

"ఆఁ, వత్తంది తల్లీ, బాగా వత్తంది. నీకూ ఓటి సుట్టమంటావేటి?"

ఆ వీడియో చూసి నేను కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. ప్రియ దాన్ని నెట్‌లో పెట్టింది. షాపు గ్రూపులో పెట్టింది మాత్రం నేనే. ఎవరూ నా చేయి పట్టుకుని పెట్టించలేదు. రెండు రోజుల్లో లక్ష మంది చూశారు. మర్నాటికల్లా కొలిమి దగ్గర మిగతా నలుగురూ కాగితాలు తీసి పారేశారు, నవ్వుతారని.

ఇంతకీ దాన్లో నవ్వెందుకో ప్రియని అడిగాను. విదేశాల్లో కొందరు తమ ఆలోచనల్ని ఎవరో దొంగిలిస్తున్నారని భయపడి ఫాయిల్ టోపీ పెట్టుకుంటారట. అందుకని ఎవర్నయినా పిచ్చివాడనాలంటే నెత్తిన ఫాయిల్ పెట్టి చూపిస్తే చాలట. ఫోన్లో వెతికి అసలు పుట్టుక కూడా చెప్పింది. సుమారు వందేళ్ళ కిందట ఎవరో దొర ఒక కథ రాశాడట. అందులో లోహపు టోపీ పెట్టుకుంటే పక్కవాడి ఆలోచన మన బుర్రలోకి దూరదట. అక్కణ్ణుంచి బొమ్మల్లోకి, సినిమాల్లోకి, ఇప్పుడు మా వరండాలోకి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉత్త ఊహలోంచి పుట్టిన టోపీకి ఇంత చరిత్ర! బొబ్బలెక్కిన నెత్తులు కనిపెట్టిన తలపాగాకి ఒక్క ముక్క లేదు. కొలిమి సంగతి చెప్పాక పిల్ల ఏడ్చి వీడియో తీసేసింది. కానీ అప్పటికే అది నలుగురి చేతుల్లో పడింది.

మా సరుకు కొనే కంపెనీ వాళ్ళూ చూశారు. కొలిమి మనిషికి ముసుగు లేదా అని ఉత్తరం రాశారు. సేఠ్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"రెండే దారులు. మన దగ్గర ముసుగుల్లేవు, లేదా వాడికి మతి లేదు. సిగ్నల్ వస్తోందని వాడే అంటున్నాడుగా. నువ్వేం రాస్తావు?"

తలకి కాగితం చుట్టే అలవాటు మా షాపులో ఎవరికీ లేదనీ, అది ఆదిబాబు సొంత ధోరణి అనీ రాసి సంతకం పెట్టాను. దాన్ని సేఠ్ చేతికిచ్చి మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాను.

బావ గేట్ పాస్ లాగేసుకున్నారు. సేఠ్ పంపిన డాక్టరు వీడియో చూసి, మనిషిని రెండు ప్రశ్నలడిగి, పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళమని చీటీ రాశాడు. ఆ సాయంత్రం గోల్‌మురిలో వాళ్ళింటికి వెళ్ళాను. అక్క సింహాచలమ్మ గుమ్మంలోనే కూలబడి ఉంది.

"ఒరే సత్యం, సేటు నిన్నడిగేడంట గదా. ఏటన్నావు?" అన్నాడు బావ.

"చెప్పాను బావా."

"అంతా సెప్పేవా? మీ నాన్న కాలం నుంచీ వత్తన్న పనని?"

"అంతా చెప్పాను. నమ్మలేదు."

"సేటు నోట్లో మన్నడిపోనూ!" అని అక్క శాపనార్థాలు మొదలెట్టింది. బావ చెయ్యెత్తి ఆపాడు.

"ఉండెహె. సత్యం సూపర్‌వైజరు, సదూకున్నోడు. ఆడు సెప్పినా నమ్మనేదంటే, డాక్టరూ అదే అంటన్నాడంటే, నాకే ఏటో అయ్యుంటాదే. మన బుర్ర సంగతి మనకి తెలుత్తాదేటి?"

నీకేం కాలేదని చెప్పాలి. చెబితే నేనేం రాశానో కూడా చెప్పాలి. అక్క ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

మర్నాడు తనే వెళ్ళి ఆ పిచ్చి డాక్టరుకి చూపించుకున్నాడు. మూడు వారాలుగా పూటపూటా మాత్రలు వేసుకుంటున్నాడు. నిన్న వెళ్తే మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాలుక మందంగా తిరుగుతోంది. నన్ను పోల్చుకోడానికి కాసేపు పట్టింది.

"సత్యం, ఓ మాట సెప్పరా. మనోలు నిజింగా సుట్టుకునేవోరా? నానే అలగ అనుకుంటన్నానా?"

అక్క ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

"మాత్ర వేసుకో బావా" అన్నాను.

వేసుకున్నాడు.