నగ్గెట్ కాలికి కట్టిన కత్తి

డ్రై స్పర్‌లో రైళ్లు ఆగవు. ఆగిపోయినవి మాత్రం చాలా ఉన్నాయి. గడియారం ఆగిపోయిన స్టేషను, తిరగడం ఆగిపోయిన గాలిమర, ఊపిరి తప్ప తక్కినవన్నీ ఆగిపోయిన నలభైమంది జనం. న్యూ మెక్సికో ఎండలో ఆ ఊరు, ఎవరో పట్టాల పక్కన ఆరేసి మరిచిపోయిన వడియంలా ఉంటుంది. రెండేసి మైళ్ల పొడుగు గూడ్సు బళ్లు దాన్ని చూసి ఒక కూత కూసి పోతుంటాయి.

'స్పర్' అంటే రైల్వేవాళ్ల భాషలో పెద్ద లైనులోంచి చీలి, ఎక్కడికీ చేరకుండా ఆగిపోయే పిల్ల లైను. కోళ్లవాళ్ల భాషలో పుంజు కాలి వెనక ముల్లు. ఆ ఊళ్లో రెండూ ఉన్నాయి. 2007 మే నెలలో ఒక శనివారం కృష్ణమోహన్ ఆ రెండోదాని కోసం వచ్చాడు. కూతురికి మాత్రం, అక్కడ కోళ్లని పెంచే ఫార్మ్ ఉందని చెప్పాడు.

కృష్ణమోహన్ పట్టా పుచ్చుకుని అమెరికా వచ్చాడే గానీ పద్ధెనిమిదేళ్లలో పట్టాలు చూసింది తక్కువ. టెక్సాస్‌లోని ప్లేనోలో డేటాబేసులు కాపలా కాస్తాడు. తెలుగువాళ్ల పార్టీల్లో మైకు ఆయన చేతికి వస్తే మళ్లీ తిరిగిరాదు. పుట్టింది భీమవరం పక్క పల్లె. వాళ్ల తాత బరిలోకి పుంజుని దింపితే ఊరు ఊరంతా గోడలెక్కేది.

ఆద్య పదో తరగతి బయాలజీ ప్రాజెక్టుకని ఆరు కోడిపిల్లల్ని కొంది. అయిదు పెట్టలై పక్కింటివాళ్లకి పోయాయి. ఆరోది పుంజుకుని పుంజయింది. ఆద్య 'నగ్గెట్' అని పేరు పెడితే, తల్లి నళిని 'నగ' అని ముద్దుగా కురచ చేసింది. ఎర్రటి ఒళ్లు, నిటారు మెడ. చూడగానే కృష్ణమోహన్ గుండెలో ఎవరో తొడగొట్టారు. డేగ! తాత ఎర్ర పుంజుల్ని పిలిచే పేరు. అసలైన డేగ!

ఆ రోజునుంచి దానికి రహస్యంగా బాదం పప్పులు పెట్టాడు. బాత్‌టబ్ నింపి ఈత కొట్టించాడు. "ఆ టబ్‌లో ఇక నేను చస్తే దిగను" అంది నళిని. తెల్లారకుండానే కొక్కొరోకో అంటుంటే కాలనీ సంఘం రెండు ఉత్తరాలు రాసింది. మూడోది లాయరు రాశాడు. కోడి ఇల్లు దాటక తప్పలేదు. జూన్ నుంచి న్యూ మెక్సికోలో పందేలు నిషేధమనీ, డ్రై స్పర్‌లో ఆఖరి ఆట ఆడుతున్నారనీ కృష్ణమోహన్ చెవిన పడింది ఆ వారమే.

ఒక్కడే పోదామనుకున్నాడు. ఆద్య వినలేదు. ఏడు గంటల ప్రయాణమంతా వెనక సీట్లో పంజరం మీద చెయ్యి వేసుకుని కూచుంది.

స్టేషను పక్కన ఎస్తెర్ అనే ముసలావిడ నడిపే కాఫీ కొట్టు ముందు కారు ఆపాడు.

"నువ్వు ఇక్కడ కూచోమ్మా. పేపర్‌వర్క్ చేసేసి టెన్ మినిట్స్‌లో వస్తా."

"నేను వస్తా డాడీ."

"కోళ్ల వాసన, కంపు. నీకు ఎలర్జీ."

ఆద్య పంజరం సందులోంచి వేలు పెట్టింది. నగ్గెట్ దాన్ని మెల్లిగా కొరికింది. "వాడికి గ్రేప్స్ ఇష్టం అని చెప్పు. కట్ చేసి ఇవ్వాలి. హోల్ ఇస్తే చోక్ అవుతాడు. వాళ్లు వాడ్ని తినరు కదా?"

"తినరు."

"ప్రామిస్?"

"ప్రామిస్ తల్లీ." తినరన్న మాట నిజమే. అందుకే అంత గట్టిగా చెప్పగలిగాడు.

పిల్ల లైను చివర పాత గూడ్సు షెడ్డు. లోపల యాభైమంది మగాళ్లు, పొగ, బీరు, నెత్తురు వాసన. బరి నడిపే లూసియో పుంజుని చేతిలో తూచి, రెక్క విప్పి చూసి, పెదవి విరిచాడు.

"ఇంట్లో పెరిగింది. కత్తి కట్టడం వచ్చా నీకు?"

"మా తాత కట్టేవాడు."

"నేనడిగింది మీ తాతని కాదు."

మూడంగుళాల కత్తి, నూలు దారం చేతికొచ్చాయి. ఇరవయ్యేళ్లుగా కీబోర్డు తప్ప ఏమీ ఎరగని వేళ్లు తమంతట తామే కదిలాయి. ఎనిమిది చుట్లు, రెండు మడతలు, కొస కనబడకుండా లోపలికి. ఎంత గింజుకున్నా సడలదు, చోటు తెలిసినవాడు కొస లాగితే ఒక్క గుంజుకి ఊడుతుంది. తాత ముడి. లూసియో వంగి చూసి ఈల వేశాడు. ఆ ఈలకి కృష్ణమోహన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఎదురుగా ఓక్లహోమా నుంచి వచ్చిన డ్వేన్. మెడ లేని మనిషి. వాడి చంకలో నల్లటి కాకి పుంజు. తాతగారి కుక్కుట శాస్త్రం లెక్కన పగటి రెండో జాములో కాకిదే గెలుపు, రాత్రి రెండో జాములో డేగది. ఇక్కడేమో పట్టపగలు పదకొండున్నర. కానీ భీమవరంలో ఇప్పుడు రాత్రి పదకొండు! లెక్క భీమవరానిది కాబట్టి గడియారమూ భీమవరానిదే అని కృష్ణమోహన్ తేల్చేశాడు. పుట్టి బుద్ధెరిగిననాటి నుంచి టెక్సాస్ గింజలు తిన్న కోడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

వదిలారు. కాకి గాల్లోకి లేచింది. నగ్గెట్ వెనక్కి తిరిగి పరుగు తీసింది.

షెడ్డు పగలబడి నవ్వింది. "అది పుంజు కాదురా, కూర!" అని అరిచాడు డ్వేన్. "ఉల్లిపాయలు తేలేదా?"

లూసియో నగ్గెట్‌ని ఎత్తి కృష్ణమోహన్ చేతికిచ్చాడు. దాని గుండె అతని అరచేతిలో టకటక కొట్టుకుంటోంది. "భయపడింది. తీసుకుపోతావా? తప్పేం లేదు. పెరట్లో తిరుగుతుంది."

తీసుకుపోవచ్చు. ద్రాక్షపళ్లు కోసి పెట్టుకోవచ్చు. కానీ నవ్వు ఇంకా ఆగలేదు. కృష్ణమోహన్ నోట్లో నీళ్లు పోసుకుని కోడి మొహం మీద ఉఫ్‌మని ఊదాడు. రెక్కల కింద రుద్దాడు. తోకలో ఈక ఒకటి పుటుక్కున పీకాడు. కోడి నొప్పితో అరిచింది. బరి దగ్గరకొచ్చినవాడు బరితెగించాడు.

"మళ్లీ వదులు" అన్నాడు.

అప్పుడే గూడ్సు బండి వచ్చింది. షెడ్డు రేకులు వణికాయి. ఆ మోతలో మనుషుల అరుపులు మునిగిపోయాయి. మూకీ సినిమాలా రెండు పుంజులు గాల్లో గుద్దుకున్నాయి. కాకి ముక్కు నగ్గెట్ కంట్లో దిగింది. దిగి, గుడ్డుతో సహా బయటికొచ్చింది. నగ్గెట్ గిరగిరా తిరిగి పడింది. కాకి దాని మీదెక్కి తల పొడుస్తోంది, పొడిచి ఎర్రబడ్డ ముక్కు విదిల్చి మళ్లీ పొడుస్తోంది. కింద పడ్డది కాళ్లు తన్నుకుంది. పోరాటం కాదు, ప్రాణం కొట్టుకోవడం. ఆ తన్నులో కత్తి కాకి పొట్టలో దిగి మెడదాకా చీల్చింది. పేగులు ఇసకలో పడ్డాయి. అయినా అది పొడవడం మానలేదు.

కృష్ణమోహన్ గంతులేస్తున్నాడు. "కొట్టు! కొట్టెహె! చంపెయ్!" అని తెలుగులో అరుస్తున్నాడు.

చివరి పెట్టె దాటింది. మోత ఆగింది. ఆ "చంపెయ్" ఒక్కటే షెడ్డులో మిగిలింది. గుమ్మంలో ఆద్య నిలబడి ఉంది.

పది నిమిషాలు అరగంటైందని వెతుక్కుంటూ వచ్చిందామె. ఒక్క ఉదుటున బరి చెక్కలు దూకింది. కాకిని కాలితో తన్ని, నగ్గెట్‌ని రెండు చేతులా గుండెలకి అదుముకుంది. ఒంటికన్ను కోడికి ఎవరెత్తారో ఏం తెలుసు? తన్నింది. కత్తి ఆద్య మోచేతినుంచి మణికట్టుదాకా తెరుచుకుంటూ పోయింది. ముందు తెల్లగా కనబడింది, తర్వాత ఎర్రగా నిండింది.

"ఆట అవ్వలేదు! నాది ఇంకా చావలేదు!" డ్వేన్ బరిలోకి దూకి ఆద్య జుట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో కోడి మెడ దొరకబుచ్చుకున్నాడు.

కృష్ణమోహన్ జీవితంలో ఎవర్నీ కొట్టలేదు. తల వంచుకుని వెళ్లి నెత్తితో డ్వేన్ మొహంలో పొడిచాడు. ముక్కు విరిగిన చప్పుడు తన పుర్రెలోనే వినబడింది. డ్వేన్ జుట్టూ కోడి మెడా వదిలి, పిడికిలి బిగించి దవడ మీద ఒక్కటిచ్చాడు. కృష్ణమోహన్ నోట్లో రెండు పళ్లు నాలుకకి విడివిడిగా తగిలాయి. కింద పడ్డాక డొక్కలో బూటు దిగింది. మళ్లీ దిగింది. మూడోది పడకముందే లూసియో చెక్కముక్క తీసి డ్వేన్ మోకాలి వెనక విరిగేలా కొట్టి పడేశాడు.

ఆద్య మోకాళ్ల మీద కూలబడింది. నగ్గెట్ గింజుకున్నప్పుడల్లా కత్తి మళ్లీ మళ్లీ ఆ చేతినే కోస్తోంది. "వదిలెయ్, వదిలెయ్!" అని అందరూ అరుస్తున్నారు.

"వదిలితే వాడ్ని చంపేస్తారు" అంది ఆద్య.

లూసియో చాకు దారంలో దూర్చి కొయ్యబోయాడు. లాగితే కత్తి ఇంకా లోతుకి దిగింది. ఆద్య కేక పెట్టింది. ముడి విప్పబోయాడు. మొదలేదో చివరేదో తెలియలేదు.

కృష్ణమోహన్ పాక్కుంటూ వచ్చాడు. నెత్తుటితో నానిన చుట్ల మధ్య బొటనవేలు దూర్చి, మూడో చుట్టు కింద దాగిన కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. దారమంతా జారిపోయింది. కత్తి ఇసకలో పడింది.

ఎవరో చొక్కా విప్పి ఆద్య చేతికి బిగించారు. ఆమె కత్తిని చూసింది. దారాన్ని చూసింది. తర్వాత తండ్రి వేళ్లని చూసింది.

"ఆయనకి రాలేదు. నీకు ఎట్లా వచ్చింది?"

పార్టీల్లో మైకు వదలని మనిషి నోట్లో పళ్లు ఉమ్మేసి, "నేనే కట్టానమ్మా" అన్నాడు.

ఆద్య ఏడవలేదు. "ఓకే" అంది. కోడిని పట్టుకునే లేచింది. అది ఆమె మెడ కింద తల దూర్చుకుని ఆయాసపడుతోంది. బతికే ఉంది.

ఆద్య వెనకే వచ్చిన ఎస్తెర్ గుమ్మం బయట అప్పటికే ట్రక్కు స్టార్ట్ చేసి ఉంచింది. ఆసుపత్రి డెబ్బై మైళ్ల దూరం.

"నా కార్లో పోదాం తల్లీ, ఏసీ ఉంది... వాణ్ని ఇటియ్యి, నేను పట్టుకుంటా."

"నో." ఆద్య ట్రక్కెక్కి, బాగున్న చేత్తో తలుపు లాక్కుంది. అద్దం సగం దింపి, "నువ్వు వాడ్ని ముట్టుకోవద్దు. వెనక రా" అంది.

కృష్ణమోహన్ వెనకే వెళ్లాడు. నోట్లోంచి కారేది చొక్కాకి తుడుచుకుంటూ, డొక్క పట్టుకుని నడిపాడు. ఎస్తెర్ నలభై దాటించదు. రోడ్డు తిన్నగా, నిర్మానుష్యంగా, ఆకాశం దాకా ఉంది. డెబ్బై మైళ్లలో ఆ ట్రక్కుని ఒక్కసారి కూడా దాటలేదు.