తువ్వాల కుచ్చులో ముడి

దేవునికి మొక్కిన మాట దేవునికి తెలిస్తే చాలదా, మళ్లీ ఒక మనిషి అడగాలా? తలకు తువ్వాల చుట్టుకునేటప్పుడల్లా అంకయ్యకు ఈ సందేహం వచ్చేది. ఏళ్లు గడిచినా తీరలేదు. ఈ పొద్దున కూడా అది మనసులో ఉండగానే గోడమీది అంజన్న పటానికి దండం పెట్టుకొని, భార్య రాజక్క ఇచ్చిన సద్ది గిన్నె అందుకున్నాడు.

"జర తలకాయ ఎత్తి నడువు," అంది రాజక్క వెనకనుంచి. "నేలమీద నీదేం పడిపోలే."

ఆమె మాట నిజమే. చిన్నతనంలోనే వేములవాడ పక్క ఊళ్లో తండ్రి గుంతమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు అతడు. నడివయసు వచ్చేదాకా చూపంతా ఒడిలోని బట్టమీదే. మెడ ముందుకు వంగిపోయింది. బొటనవేళ్ల కొసలు నూలుమీద అరిగి నున్నబడ్డాయి. మిల్లుబట్ట అంగట్లో నిండాక మగ్గం కూడు పెట్టలేదు. దాన్ని తమ్ముని ఇంట్లో వదిలి బెల్లంపల్లి బాయి పనికి వచ్చాడు. బొగ్గుగనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు.

బాయిలో దిగిన మొదటి రోజు తలకు చుట్టుకోను బట్ట లేదు. నేసిన చివరి తువ్వాల కూడా అమ్ముడుపోయింది. గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే రాయమల్లు తన భుజంమీదిది తీసి ఇచ్చాడు.

"నేసెటోని నెత్తికి నేను బట్ట కప్పవడితి," అన్నాడు వరస కలిపి నవ్వుతూ. "ఊకెనే కాదు అల్లుడా, బదులు. నీ చేతితోని నేసింది తెచ్చియ్యాలె."

ఆ బాకీ తీర్చాలని అంకయ్య ఆనాడే అనుకున్నాడు. బొగ్గు టబ్బులు నెట్టే కూలిగా మిగిలిపోక దుంగల పని నేర్వాలనీ అనుకొని కొండగట్టు అంజన్నకు మొక్కాడు. ఆ సంగతి చెబితే రాయమల్లు ఒక షరతు పెట్టాడు. ఏ కప్పు కిందికి పోయినా ముందు తలెత్తి చూడాలి, కర్రతో తట్టి వినాలి. మరిచినప్పుడల్లా తువ్వాల కుచ్చులో ఒక ముడి వేసుకోవాలి. షిఫ్టు దిగినాక ఆయన అడుగుతాడు, ఎక్కడ మరిచాడో చెప్పుకోవాలి. చెబితేనే రాయమల్లు ముడి విప్పుతాడు.

మొదట్లో కుచ్చంతా ముడులే. "చేపల వల తెచ్చినవా?" అనేవాడు రాయమల్లు. రానురాను తగ్గాయి. ఈమధ్య విప్పడానికి ఏమీ ఉండటం లేదు.

ఇవాళ రాయమల్లుకు ఆఖరి షిఫ్టు. ఆయన పని అంకయ్యకా, తోటి కూలి దశరథానికా అన్నది సాయంత్రం తేలుతుంది. షిఫ్టు పని అజమాయిషీ చేసే సర్దారు లక్ష్మీరాజం ఆయన్నే అడుగుతానన్నాడు.

మధ్యాహ్నం సద్ది తిన్నాక అంకయ్య దుంగను తాడుతో లాక్కుపోతున్నాడు. తాడులో ఒక పురి తెగి కనిపించింది. తెగిన పోగు కనబడితే నేతగాని చేయి ఊరుకోదు. తల వంచి, పురిని పురితో మెలివేస్తూ నడిచాడు. మెడమీద ఇసుకలాంటిది రాలినప్పుడు గానీ తెలియలేదు, తాను చూడని కప్పు కింద నిలబడ్డాడని. చటుక్కున వెనక్కి జరిగి తట్టాడు. పగిలిన కుండ చప్పుడు, కప్పు వదులైంది. కేకేసి మనుషులను పిలిచాడు, దుంగ నిలబెట్టారు. అందరూ మెచ్చుకున్నారు.

అతడు ముందు మరిచింది ఎవరూ చూడలేదు. చేయి కుచ్చుమీదికి పోయి ఆగింది. చాలాసేపటికి ముడి పడింది.

పైకి వచ్చేసరికి రాయమల్లు దుంగల కుప్పమీద కూర్చొని ఉన్నాడు. పక్కనే సర్దారు.

"ఏమంటవ్ రాయమల్లూ? నీ అల్లునికే అప్పజెప్పుదుమా?"

"ఆగు మామా," అన్నాడు అంకయ్య. తువ్వాల కొస ముందుకు చాపాడు. "ఇయ్యాల ఒకటున్నది." తాడు సంగతి, నడక సంగతి అన్నీ చెప్పాడు.

సర్దారు మొహం ముడుచుకుంది. "గట్లయితే ఎట్లనయ్యా?"

"బాయిల మరువనోడు ఎవడున్నడు సర్దార్ సాబ్," అన్నాడు రాయమల్లు. "నేను మరువలేదా? ఎవ్వలు చూడని మరుపును గిట్ల చెప్పెటోడు పక్కకుంటే, నేను ఫికర్ లేకుండ పనిచేస్తుంటి. పెట్టుకోండ్రి."

సర్దారు అంకయ్య వంగిన మెడవైపు చూశాడు. "రేపు పొద్దుగాల కర్ర పట్టుకొని రా," అన్నాడు.

చెన్నూరులో బిడ్డ లింగవ్వ దగ్గరికి పోతున్నాడు రాయమల్లు. బస్సు దగ్గర అంకయ్య సంచి విప్పి ఎర్రంచు తువ్వాల ఆయన చేతిలో పెట్టాడు. కిందటి నెల కొండగట్టుకు పోతూ తమ్ముని ఇంట్లో ఆగి, తన పాత మగ్గంమీద నేసింది అది.

"గిన్ని దినాలకా?"

"ముడులు తగ్గినంకనే మగ్గం మొకం చూడాలనుకున్న మామా."

రాయమల్లు బట్టను చెంపకు ఆనించుకున్నాడు. "బాకీ తీరింది పో."

"నీ పాతది తీసుకపో."

"అది నీకే."

"రేపటిసంది నన్ను ఎవలు అడుగుతరు?"

"రాజక్క లేదా? అడుగుతది. తిడుతది గూడ." బస్సు కదిలింది. కొత్త తువ్వాల కిటికీలో కాసేపు ఎర్రగా కనిపించింది.

ఇంటికి వచ్చాక, ముడుల సంగతి ఎరిగిన రాజక్క అడిగింది, "ఇయ్యాల మరిచినవా?" అంకయ్య నవ్వాడు. దేవుడే ఇట్లా ఎవరో ఒకరి నోటితో అడుగుతాడేమో అనుకున్నాడు. తలమీది పాత తువ్వాల తీసి అంజన్న పటం కింది మేకుకు తగిలించాడు. తొందరలో రాయమల్లు విప్పకుండా వెళ్లిన ముడి ఒక్కటి, కుచ్చు చివర అట్లాగే వేలాడుతోంది.