శేరు బోర్లించని లెక్క

బెళుగుప్ప విత్తనాల సొసైటీ ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చినాదంటే చౌడేశ్వరికి సంతోషం కంటే దిగులే ఎక్కువైనాది. పాతది ఇరవై ఏండ్లు తోడున్నింది మరి! వానలు కూడి, విత్తేదానికి నేలలో పదును సరిపోయిందో లేదో చెప్పే ప్రోగ్రాము దాంట్లోనే ఉండేది. చదువుకునే రోజుల్లో ఆమె సొంతంగా రాసింది అది. దాని మాట చూసే "శెనక్కాయ విత్తుకోండి" అని ఊరూరి ఫోన్లకూ కబురు పంపేది.

ప్రోగ్రామును కొత్తదాంట్లోకి ఎక్కించి, మూడు దినాల వాన అంకెలు దాంట్లో కొట్టినాది. మొత్తం అరవై ఒక్క మిల్లీమీటర్లని చూపించినాది! నలభై దాటితే విత్తుకోవచ్చు. కబురు టైపు చేసి పంపబోతాంటే, పొద్దున్నే వాన కొలిచే మారెక్క తెరలోకి తొంగి చూసినాది. ఆమెకూ మూడెకరాల చేను ఉండాది.

"ఏందమ్మా అరవై? ఎనిమిది, ఆరు, ఏడు. నేనే కదా కొలిచి చెప్పింది! ఇరవై ఒకటి దాటితే నా పేరు మారెక్కే కాదు."

చౌడేశ్వరి కబురు పంపకుండా ఆపినాది. వేళ్ల మీద కూడితే ఇరవై ఒకటే. ప్రోగ్రాము తెరిచి చూస్తే తప్పు కండ్లకు కొట్టినట్టు కనిపించినాది. "మొత్తం" అనే డబ్బాలో వానలు కూడుకుంటా పోయినాది గానీ, మొదట ఆ డబ్బాలో సున్నా పెట్టమని యాడా రాయలేదు. దాంట్లో ముందే పడుండిన నలభై మీదనే ఈ ఇరవై ఒకటీ కూడినాది.

అప్పుడు గుర్తొచ్చినాడు బయ్యన్న సార్. రాయదుర్గం డిప్లొమా కాలేజీ, రేకుల కప్పు ల్యాబు. చెప్పులు బయట వదలాల, ముగ్గురికి ఒకటే కంప్యూటర్. కరెంటు పోతే అందరూ ఓ అని అరిచేటోళ్లు. అబ్బ, ఎంత బాగుండేవి ఆ దినాలు! సార్ నశ్యం పీలుస్తా వచ్చి ఇదే ప్రోగ్రాము మీద ఎర్రగీత కొట్టినాడు.

"నడస్తాంది కదా సార్!" అని పోట్లాడినాది ఆమె.

"నడిస్తే సరిపోదు పాపా. ఈ భాషకు ఒక కట్టుబాటు పుస్తకం ఉండాది. దాంట్లో మాటిచ్చిన దాన్నే మనం నమ్ముకోవాల. డబ్బాలో సున్నా ఉంటాదని ఆ పుస్తకం చెప్పలే. ఈ మిషను దయదల్చి పెట్టినాది, ఇంకో మిషను పెట్టదు. కల్లంలో అడుగున మిగిలినవి రాలేటట్టు శేరు బోర్లించి తట్టకుండానే గింజలు కొలుస్తారా మీ ఇంట్లో?"

ల్యాబంతా పకపకా నవ్వినాది. ముసలోడి చాదస్తమని రోషపడి, ఆమె ఆ ప్రోగ్రామును అట్లనే ఉంచుకునింది.

ఇప్పుడు సార్‌కు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి సంగతంతా చెప్పినాది. "ఇరవై ఏండ్లు సరిగ్గా నడిచినాది సార్."

"ఇరవై ఏండ్లూ తప్పే పాపా. జవాబు మాత్రం సరిగ్గా వచ్చినాది." సారే మళ్లీ అడిగినాడు. "అన్నిసార్లూ వచ్చినాదని నీకెట్ల తెలుసు?"

చౌడేశ్వరికి పాత యేడొకటి గుర్తొచ్చినాది. ఆరేండ్ల కిందట ఆమె కబురు మీద విత్తిన చేన్లు మొలకే రాక మాడిపోయినాయి. అప్పుడు అందరూ వానదేవుణ్ణి తిట్టుకున్యారు.

"మారెక్కా, ఆ యేడు తప్పు వానది కాదేమో. నాదేమో."

మారెక్క మొహం మాడిపోయినాది. "అయ్యో తల్లీ! తొందరపడి విత్తినావని, చేతకాని రైతువని, ఆ యేడు పొడుగూతా మా ఆయన్నే తిడితినే!"