పక్క విస్తరి

మొగుడి కంచం పక్కనే విస్తరి వేసి సుప్రజ సంగటి ముద్ద పెట్టింది. పప్పు వెయ్యబోతుంటే అత్త అనసూయమ్మ అడ్డుపడింది. "వానికి ఉప్పు పడదు. చప్పిడిది వెయ్యి."

వాడంటే చచ్చిపోయిన సిపాయి. సరిహద్దులో యుద్ధం చేసి వచ్చిన మొగుడు ప్రభాకర్ ఒంట్లో చేరి వాడూ వచ్చాడని ఇంటిల్లిపాదీ నమ్మకం. వెనకటికి ప్రభాకర్ ముత్తాత బర్మా యుద్ధానికి పోయినప్పుడూ ఇలాగే తోడొకడు వచ్చాడట. యుద్ధం నుంచి ఒంటరిగా ఎవడూ తిరిగి రాడట. ముత్తవ్వ బతికినన్నాళ్లూ ఇద్దరికీ వడ్డించి, ఇద్దరి దెబ్బలూ తిని, ఆళ్లగడ్డలో మహాతల్లి అనిపించుకుంది. ఆ పేరు ఆడవాళ్లకు ఎంత సులువుగా ఇస్తారో!

ఆ విస్తరి మూడు పూటలా పెళ్లామే వడ్డించాలి. అందుకని సుప్రజ నంద్యాల ల్యాబులో ఉద్యోగం మానెయ్యాలని ఇవాళ మామ తేల్చేశాడు. పొద్దున బస్సెక్కి కిటికీ పక్కన కూర్చునే ఆ గంటసేపే ఆమె మనిషిలా ఊపిరి పీల్చుకునేది. అదీ పోతే ఇక ఈ వంటిల్లూ, ఈ విస్తరీనే.

"నా కొడుకు చీమకు గూడా చెయ్యెత్తేటోడు కాదు," అంది అనసూయమ్మ కళ్లొత్తుకుంటూ. "కొట్టేది వాడు కాదు. వానిలో ఉండే ఆ సిపాయి, ఆయప్ప."

"రేపే పోయి మానేస్తానని చెప్పిరా," అన్నాడు మామ నరసింహులు. "ఆయప్పకు కోపమొస్తే ఎవురు తట్టుకుంటారు?"

విచిత్రం ఏమిటంటే, ఆయప్పకు మామ మీద ఇంతవరకూ కోపం రాలేదు. పాలవాడి మీదా రాలేదు. సుప్రజ ఒక్కతే కనపడుతుంది ఆయనకు.

ప్రభాకర్ తలెత్తి చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు. ఆ నవ్వు ఆమెకు కొత్తది కాదు. ఏ యుద్ధమూ లేని రోజుల్లో, మొదటిసారి చెయ్యి మెలిపెట్టినప్పుడూ అదే నవ్వు. ఆనాడు సిగ్గుతో చచ్చిపోయి, పుట్టింటికి కూడా అబద్ధమే చెప్పింది. అది తలుచుకుంటే తన మీద తనకే మండుకొచ్చింది.

సుప్రజ విస్తరి తన ముందుకు లాక్కుని కూర్చుంది. ముద్ద విరిచింది.

"ఏం చేస్తాండావ్? అది ఆయప్పది," అంది అత్త.

"నీ కొడుకులో ఎవురూ లేరత్తా. పెండ్లైన రెండో నెల్లో నా చెయ్యి విరిగింది, మెట్ల మీద జారి కాదు. యుద్ధానికి పోయినోడే తిరిగొచ్చినాడు. రేపు నేను డ్యూటీకి పోతాండా."