పప్పు ఉడికే నీళ్ళు

బాపట్ల ప్రేమ్ కుమార్ అయ్యగారికి ఒక పద్ధతి ఉంది. ఏ చర్చి సంఘంలోనైనా ఒక మనిషిని పెద్దగా నిలబెట్టాలంటే, అతని మీద చేతులుంచి ప్రార్థన చేసే ముందు, అతను పని చేసే చోటికి తనే వెళ్తాడు. చర్చికి రానివాళ్ళని ముగ్గురిని అడుగుతాడు. ఈయన ఎలాంటివాడు, మాట మీద నిలబడతాడా, కింద పనిచేసేవాళ్ళని ఎలా చూస్తాడు, అని. సంఘ పెద్దకి బయటివాళ్ళ దగ్గర మంచి పేరుండాలని వాక్యం చెబుతోంది, లోపలివాళ్ళు ఎలాగూ మంచివాడనే అంటారు, అన్నది ఆయన మాట. ముగ్గురూ సరే అంటేనే ఆదివారం చేతులుంచుతాడు. పోయినేడు ఒక రైసుమిల్లు గుమాస్తా విషయంలో రెండో మనిషి దగ్గరే ఆగి, టీ తాగి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఈసారి వంతు తెనాలి జక్రయ్య మేస్త్రీది.

జక్రయ్యకి యాభై నాలుగేళ్ళు. తాపీ పట్టి ముప్పై అయిదేళ్ళయింది. మాట తక్కువ, పని గట్టి. వాళ్ళ పేటలో చర్చి గోడలు అతని చేతి మీదే లేచాయి. అతని నాన్న ఆ చర్చిలోనే గంట కొట్టి, చాపలు పరిచి, చాపలు చుట్టి, పోయాడు. ఆయన పేరు ఎవరూ ఎత్తరు. ఆ ఇంటి మనిషి ఒక్కడు ఆ చర్చిలో పెద్దగా నిలబడితే చాలనుకున్నాడు జక్రయ్య. ఆ కోరిక భార్య కరుణమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అయ్యగారు సాక్ష్యం అడగడానికి గురువారం వస్తానన్నాడు. ఆ పొద్దున జక్రయ్య తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. వేమూరు ఎప్పుడు దాటిందో చూడలేదు. కళ్ళ ముందు నాలుగు పిల్లర్లున్నాయి. వాటి పాదాల దగ్గర తెల్లగా పూసిన పొర ఉంది.

ఆ పిల్లర్లు రేపల్లె బస్టాండు దగ్గర మాణిక్యాంబ గారివి. ఆమె అక్కడ ఇరవై ఏళ్ళుగా టిఫిన్ హోటలు నడుపుతోంది. ఆ రేకుల షెడ్డు వెనక స్థలంలో, కింద హోటలు, పైన ఇల్లు వేసుకుంటోంది. చర్చి మనిషి, అబద్ధమాడడు అని ఎవరో చెబితే, వెతుక్కుంటూ తెనాలి వచ్చి జక్రయ్యకి పని అప్పజెప్పింది.

ఆ తెల్లటి పొర ఉప్పు. దాని సంగతి ఇలా జరిగింది. రేపల్లెలో ఆ పక్క బోరు వేస్తే పడేది ఉప్పునీళ్ళే. వాటితో అంట్లు తోముకుంటారు, పప్పు మాత్రం ఉడకదు. సిమెంటుకి కలిపితే లోపలి ఊచలు తుప్పు పట్టి, ఉబ్బి, ఏడెనిమిదేళ్ళకి పిల్లరుని పగలగొడతాయి. ఈ సంగతి మేస్త్రీ అన్నవాడికి చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలవలు కట్టేశాక మంచినీళ్ళ ట్యాంకరు వేమూరు వైపు నుంచి రావాలి.

మూడు వారాల కిందట, పిల్లర్లు పొయ్యాల్సిన రోజున, జక్రయ్య బాపట్లలో ఉన్నాడు. సంఘాల్లో ముందు నిలబడేవాళ్ళకి మూడు రోజుల మీటింగు. నాయకుడంటే కుర్చీ కాదు, అప్పజెప్పిన పనికి లెక్క చెప్పాల్సినవాడు అని ఆ పూట అయ్యగారు చెబుతున్నాడు. జక్రయ్య ముందు బెంచీలో ఉన్నాడు. జేబులో ఫోను కొట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా తన దగ్గర పనిచేస్తున్న పేరయ్య చేశాడు.

"మేస్త్రీ, ట్యాంకరు రాలేదు. కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చేసింది, జనం కూర్చున్నారు. ఏం చెయ్యమంటావు?"

జక్రయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏదో ఒకటి చూసి పోసెయ్యండి. మీటింగులో ఉన్నా," అని కట్టేశాడు.

తరవాత అడగలేదు. నిన్న, బుధవారం, పిల్లర్లకి తడి కోసం చుట్టిన గోనెపట్టాలు తీయిస్తే, పాదాల దగ్గర తెల్లగా ఉంది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏంటి పేరయ్యా ఇది?"

"ఉప్పు."

"ఉప్పని నాకూ తెలుసు. ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"బోర్లోంచి. ఆరోజు ఏదో ఒకటి చూడమన్నావు. ఇక్కడున్నది ఆ ఒకటే."

"ఉప్పునీళ్ళు పొయ్యమన్నానా నేను?"

"వద్దని కూడా అన్లేదుగా." పేరయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఏం కాదులే మేస్త్రీ. ప్లాస్టరింగు పడితే తెలుపూ లేదు నలుపూ లేదు. ఊళ్ళో సగం ఇళ్ళు ఆ నీళ్ళవే."

సోమవారం స్లాబు. స్లాబు బరువు పడ్డాక ఇక పిల్లర్లని కదిపేది లేదు.

రైల్లో జక్రయ్య ఒక దారి కట్టుకున్నాడు. అయ్యగారు వచ్చి వెళ్ళిపోనీ. ఆదివారం దాటనీ. సోమవారం పొద్దున స్లాబు ఆపి, "నేను ఊళ్ళో లేనప్పుడు మావాడు పొరపాటు చేశాడండి" అని మాణిక్యాంబ గారికి చెప్పెయ్యొచ్చు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

పదింటికి అయ్యగారు బాపట్ల బస్సు దిగి, గొడుగు మూసుకుంటూ హోటలుకి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, అరవై దాటాయి. జక్రయ్య లేచి వందనాలు చెప్పాడు. మాణిక్యాంబ పెనం దగ్గర నుంచే పలకరించింది.

"కూర్చోండి. పెసరట్టు వెయ్యనా, ఇడ్లీయా? ఇడ్లీ చల్లారింది, ముందే చెబుతున్నా."

"పెసరట్టే వెయ్యండమ్మా. మీ మేస్త్రీ గురించి ఒక మాట అడిగి పోదామని వచ్చా."

"ఏం, పిల్లనిస్తున్నారా?"

పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. అయ్యగారూ నవ్వి, వచ్చిన పని చెప్పాడు. మాణిక్యాంబ అట్టు తిప్పి, గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చింది.

"చూడండి, నేను దీపం పెట్టుకునేదాన్ని. మీ చర్చి సంగతులు నాకు తెలియవు. నా సంగతి చెబుతా. ఈయనకి ఇంటి పని ఇచ్చాక నేను ఒక్కరోజు కూడా వెళ్ళి నిలబడలేదు. నాకు పొయ్యి ఒదిలి కదలడానికి లేదు. ఈయన ఉన్నాడుగా అని నిద్రపోతున్నా. లోపమంటారా, నవ్వడు. నా పెసరట్టు తిని కూడా బాగుందనని మనిషి ఈ జిల్లాలో ఈయనొక్కడే."

జక్రయ్య గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది.

"ఒకటైంది," అన్నాడు అయ్యగారు. "పనివాళ్ళెవరు?"

పేరయ్యని పిలిచారు. వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అడిగింది విని, మేస్త్రీ వైపు చూడకుండా, నేలకి చూస్తూ చెప్పాడు.

"కోప్పడతాడండి. తిడతాడు కూడా. కానీ ఇరవై ఏళ్ళలో, తన తప్పు తెచ్చి నా నెత్తిన పెట్టలేదండి."

అంతే అన్నాడు. వీడికి తెలుసు, అనుకున్నాడు జక్రయ్య. రైల్లో నేను కట్టుకున్న దారి వీడికి నా మొహంలో కనపడింది.

అయ్యగారు తృప్తిగా తలూపాడు. "ఇద్దరయ్యారు. ఇంకొక్కరు చాలు. సిమెంటు కొట్టు ఆయన్ని అడగమంటావా జక్రయ్యా?"

జక్రయ్య లేచి నిలబడ్డాడు. "కొట్టు దాకా ఎందుకండి. మూడో సాక్షి ఇక్కడే ఉంది. రండి. మీరూ రండమ్మా."

హోటలు వెనకవైపుకి నడిచాడు. ముగ్గురూ అతని వెనకాల వెళ్ళారు. మొదటి పిల్లరు దగ్గర కూర్చుని, వేలితో పొర గీకి, అయ్యగారి అరచేతిలో పెట్టాడు.

"నోట్లో వేసుకోండి."

అయ్యగారు ఒక క్షణం చూసి, వేసుకున్నాడు. మాణిక్యాంబ తనే వంగి గీకి, నాలుకకి తాకించింది. ఇరవై ఏళ్ళు ఆ బోరుతో వేగిన మనిషికి రెండోసారి చూడాల్సిన పని లేదు.

"పప్పు కూడా ఉడకని నీళ్ళు," అంది. గొంతు పెద్దది కాలేదు. "నా ఇంటి కాళ్ళకి పోశావా మేస్త్రీ?"

"నేనేనమ్మా పోసింది," అన్నాడు పేరయ్య గబుక్కున.

"నువ్వాగు. చెయ్యి నీది. పొయ్యమన్న నోరు నాది." జక్రయ్య లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "ఆరోజు నేను బాపట్ల మీటింగులో ఉన్నా. ట్యాంకరు రాలేదని వీడు ఫోను చేశాడు. ఏదో ఒకటి పోసెయ్యమన్నా. ఆపమని ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. నిన్న తెలిసింది. నిన్నే చెప్పాల్సింది. ఆదివారం దాటాక చెబుదామనుకున్నా."

"ఆదివారం ఏముంది?"

"నన్ను పెద్దని చేస్తారు."

మాణిక్యాంబ అయ్యగారి వైపూ మేస్త్రీ వైపూ చూసింది. "బాగుంది. అక్కడ నువ్వు పెద్దవి అవుతుంటే ఇక్కడ నా కొంప ఉప్పులో ఊరిందన్నమాట. నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానండీ. రాసుకుంటే కొట్టెయ్యండి."

"రాయలేదమ్మా," అన్నాడు అయ్యగారు. వంగి పిల్లరుని చేత్తో తడిమాడు. "అప్పజెప్పిన పనికి లెక్క చెప్పాలని నేను అరుస్తూనే ఉన్నా. నా ముందు బెంచీలోనే జరిగింది. ఫోను వస్తే బయటికెళ్ళి మాట్లాడండి, మీ పని కూడా దేవుడిచ్చిందే అని చెప్పాల్సింది. నేనూ అన్లేదు." మెల్లగా జక్రయ్య వైపు తిరిగాడు. "ఈ ఆదివారం నీ మీద చేతులుంచలేనయ్యా."

"ఉంచొద్దండి. ఎందుకు ఉంచలేదో నేనే లేచి చెబుతా. మీరు చెబితే మెత్తగా చెబుతారు."

"తరవాత?"

"తరవాత సంగతి తరవాత. ముందు ఇవి కొట్టాలి."

పనిముట్ల షెడ్డులోంచి సమ్మెట తెచ్చాడు. స్లాబు కింద కట్టిన చెక్కలు ముందు విప్పించాడు. పూటంతా పట్టే పని అది. అయ్యగారి పెసరట్టు చల్లారిపోయింది. ఆయన తినకుండానే రెండు గంటల బస్సెక్కాడు. సాయంత్రానికి మొదటి పిల్లరు మీద సమ్మెట పడింది. పేరయ్య చెయ్యి చాపితే, జక్రయ్య ఇవ్వలేదు.

"మొదటిది నేనే కొడతా. రెండోది ఇద్దరం."

"మేస్త్రీ, ఖర్చు?"

"నాది. ఆమెని అడిగేది లేదు, నీ కూలీ తగ్గేది లేదు."

సొంతంగా నిలబెట్టినదాన్ని కూల్చడం కట్టడం కంటే కష్టం. గట్టిగా కట్టినవాడికి ఇంకా కష్టం. ఉప్పున్నా కాంక్రీటు మాత్రం దిట్టంగా పోశారు. ఒక్కో దెబ్బకి గుప్పెడు రాలేది. శనివారానికి అతని అరచేతులు పొక్కులెక్కి పగిలాయి. లోపలి ఊచలు కూడా పాదాల దాకా కోయించి, కొత్తవి కట్టించాడు. మాణిక్యాంబ ఆ వైపు రాలేదు. టీలు మాత్రం పంపింది. జక్రయ్య గ్లాసులో పంచదార లేదు. మర్చిపోలేదని అతనికి అర్థమైంది. తాగాడు.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక లేచాడు. అందరూ కొత్త చొక్కా కోసం చూస్తే, మామూలు చొక్కాలో ఉన్నాడు. చేతులకి గుడ్డ కట్టి ఉంది.

"ఇవాళ నన్ను నిలబెట్టాలి. నిలబెట్టట్లేదు. రేపల్లెలో నన్ను నమ్మి ఇల్లిచ్చిన ఆమెకి ఉప్పునీళ్ళతో పిల్లర్లు పోయించా. మీటింగులో ఉండి చూసుకోలేదు. చర్చి పని చేస్తున్నా కదా, ఆ పని ఏదో ఒకలా అయిపోతుందిలే అనుకున్నా. రెండూ ఒకే దేవుడి ముందు చేసేవని ఆరోజు గుర్తులేదు. ప్రార్థన చెయ్యండి."

కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక జనం వెళ్తుంటే, కట్టు కట్టిన చేతులతోనే చాపలు చుట్టడం మొదలెట్టాడు. చిన్నప్పుడు నాన్న పక్కన చుట్టినట్టే, అంచులు కలిపి. కరుణమ్మ రెండో కొస పట్టుకుంది.

గురువారం పిల్లర్లు మళ్ళీ పొయ్యాలి. పొద్దున ఏడింటికే ట్యాంకరు వచ్చింది. జక్రయ్య చెంబుతో పట్టి తాగాడు. తియ్యగా ఉన్నాయి. మిల్లరు దగ్గర జనం సిద్ధంగా ఉన్నారు.

"మొదలెడదామా?" అన్నాడు పేరయ్య.

"ఆగు."

చెంబు తీసుకుని హోటల్లోకి వెళ్ళి, పొయ్యి పక్కన పెట్టాడు. "చూడండమ్మా."

మాణిక్యాంబ చెంబులోకి చూసింది, అతని చేతుల వైపు చూసింది. నోట్లో పోసుకోలేదు. గిన్నె కడిగి, ఒక సోలెడు కందిపప్పు పోసి, ఆ నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది.

"నాలుక అబద్ధం చెబుతుందేమో గానీ పప్పు చెప్పదు," అంది. "ఉడికితే పొయ్యండి."

కుక్కరు కాదు, ఉత్త గిన్నె. జనం ఇసక కుప్ప మీద కూర్చుని బీడీలు వెలిగించారు. మిల్లరు డ్రైవరు గొణిగాడు, వేరే ఊళ్ళో పనుందని. "ఉంటే వెళ్ళు, ఇంకో మిల్లరు పిలుస్తా," అన్నాడు జక్రయ్య. అతను వెళ్ళలేదు.

అంతలో ఫోను మోగింది. బాపట్ల నుంచి అయ్యగారు.

"జక్రయ్యా, పదకొండింటికి కమిటీ ఉంది తెనాలిలో. చర్చి గోడ మరమ్మతు సంగతి మాట్లాడాలి, నువ్వుంటే బాగుంటుంది."

"రాలేనండి. పోత ఉంది. పప్పు ఉడకాలి."

"ఏంటి?"

"పప్పండి. రేపు చెబుతా."

ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. మాణిక్యాంబ గరిటెతో ఒక పలుకు తీసి, బొటనవేలితో నొక్కింది. మెత్తగా నలిగిపోయింది. ఇంకొకటి తీసి అతని వేలి మీద పెట్టింది. అతనూ నొక్కి చూశాడు.

"మీ అయ్యగారిని ఇప్పుడే రావద్దను," అంది. "స్లాబు పడి, రెండు వానాకాలాలు చూశాక రమ్మను. అప్పుడు చెబుతా నువ్వెలాంటివాడివో."

"అలాగేనండి."

బయటికొచ్చి పేరయ్యకి చెయ్యి ఊపాడు. మిల్లరు తిరిగింది. జక్రయ్య మొదటి పిల్లరుకి బిగించిన చెక్కపెట్టె పక్కన ఎండలో నిలబడ్డాడు. నాలుగోది నిండేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. మధ్యాహ్నం అందరికీ అన్నంలో ఆ పప్పే వడ్డించారు.

"బాగుంది," అన్నాడు జక్రయ్య.

గరిటె పట్టుకున్న మాణిక్యాంబ ఒక్క క్షణం ఆగి, పక్క విస్తరికి వెళ్ళింది.